కాకినాడ వర్తకులు – చేవెళ్ళ గుమాస్తాలు

ఉదయం పూట మొయినాబాద్ రోడ్డు మీద నిలబడితే కాలేజీ బస్సులు వరుసగా పోతూ కనిపిస్తాయి. అజీజ్‌నగర్, చిలుకూరు వైపు ఇంజనీరింగు కాలేజీలు వెలిశాయి. వాటిలో కొన్నింటిలో ఎం.బి.ఎ. కూడా చెబుతున్నారు. పక్కనే శంకర్‌పల్లి మండలం దొంతన్‌పల్లిలో ఇక్ఫాయ్ వారి బిజినెస్ స్కూలు ఉన్నది. మన సభ్యుల ఇళ్ళలో మనుమడో మనుమరాలో ఈ చదువు చదవని ఇల్లు తక్కువే.

ఆ పిల్లలు మొదటి ఏడాదిలోనే చదివే పాఠ్యాంశం ఒకటి ఉన్నది. దాని పేరు ‘ఆర్గనైజేషనల్ బిహేవియర్’. అంటే ఒక సంస్థలో పదిమంది కలిసి పనిచేసేటప్పుడు మనిషి ఎలా ప్రవర్తిస్తాడు, ఎందుకు ఉత్సాహంగా చేస్తాడు, ఎందుకు చేయడు, పై అధికారి మాట ఎప్పుడు వింటాడు, ఎప్పుడు విన్నట్లు నటిస్తాడు అనే విషయాల శాస్త్రం. మా మనుమరాలు ఎం.బి.ఎ.లో చేరిన తరువాత ఆమె పుస్తకాలు తిరగవేశాను. రెవెన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరి, యు.డి.సి.గా ఎదిగి, 58 ఏళ్ళకు పదవీ విరమణ చేసిన నాకు ఆ పుస్తకాల్లో రెండు సంగతులు తోచాయి. ఒకటి, ఇందులో ఉన్నది చాలా వరకు మనం అనుభవించినదే. రెండు, ఈ శాస్త్రం చరిత్రలో పేరుపొందిన ప్రయోగాల్లో ఒకటి మన తెలుగునేల మీద, హైదరాబాదు యూసుఫ్‌గూడలో, కాకినాడ వర్తకులతో జరిగింది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈ వ్యాసం.

శాస్త్రం ఎలా పుట్టింది

ఈ చదువుకు మూలం అమెరికా కర్మాగారాలు. 1911లో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు శాస్త్రీయ నిర్వహణ మీద పుస్తకం ప్రచురించాడు. పనిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు ఎంత సమయం పడుతుందో గడియారం పెట్టి కొలిచి, ఎక్కువ చేసినవాడికి ఎక్కువ కూలి ఇవ్వాలన్నది ఆయన పద్ధతి. ఆలోచించేవాడు వేరు, చేసేవాడు వేరు అన్నది దాని సారం.

అదే కాలంలో జర్మనీలో మాక్స్ వెబర్ అనే పండితుడు ప్రభుత్వ కార్యాలయాల గురించి ఆలోచించాడు. ఆయన 1920లో మరణించాడు. ఆయన పెద్ద గ్రంథం 1922లో వెలువడింది. ప్రతి ఉద్యోగికి నిర్ణీతమైన పని, వ్రాతపూర్వకమైన నిబంధనలు, పైవాడు కిందివాడు అనే వరుస, ప్రతిదానికీ ఫైలు – ఇదీ ఆయన చెప్పిన అధికార యంత్రాంగం. ఇది మనం చేవెళ్ళ తాలూకా కార్యాలయంలో చూసిందే కదా! అయితే వెబర్ ఈ పద్ధతిని తిట్టలేదు. జమీందారుల ఇష్టానుసారం, బంధుప్రీతి ఉన్నచోట కాగితం, నిబంధన వస్తే సామాన్యునికి మేలే అన్నాడు. ఆ మాట మనం మరువరాదు.

తరువాత షికాగో దగ్గర హాథార్న్ అనే చోట, టెలిఫోను సామగ్రి తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ కర్మాగారంలో 1924 నుండి 1932 వరకు ప్రయోగాలు జరిగాయి. మొదట దీపాల వెలుతురు పెంచి చూశారు, తగ్గించి చూశారు. తరువాత కొద్దిమంది ఆడపిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి విరామ సమయాలు మార్చి చూశారు. 1928 నుండి హార్వర్డు ఆచార్యుడు ఎల్టన్ మేయో ఇందులో పాల్గొన్నాడు. తమను ఒకరు పట్టించుకుంటున్నారు, తమ మాట అడుగుతున్నారు అన్న భావం వల్లనే వారి పని పెరిగిందని ఆయన తేల్చాడు. ఆ లెక్కలు అంత బలమైనవి కావని తరువాతి పండితులు వాదించారు. ఏమైనా, కూలి ఒక్కటే మనిషిని నడిపించదన్న ఆలోచన అక్కడి నుండే బలపడింది.

1950లలో హెర్జ్‌బర్గ్ బృందం 200 మందికి పైగా అకౌంటెంట్లను, ఇంజనీర్లను కలిసి, ఉద్యోగంలో మీకు బాగా సంతోషం కలిగిన సందర్భం ఏది, బాధ కలిగిన సందర్భం ఏది అని అడిగింది. బాధ కలిగించినవి జీతం, నిబంధనలు, పై అధికారి తీరు వంటివి. సంతోషం కలిగించినవి వేరు. ఒక పని పూర్తిచేయగలిగామన్న తృప్తి, దాన్ని ఒకరు గుర్తించడం, పని మీద బాధ్యత. జీతం సరిగా లేకపోతే మనిషి కుములుతాడు. సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. ఈ సిద్ధాంతం మీదా విమర్శలు వచ్చాయి. కాని పి.ఆర్.సి.ల కోసం పోరాడిన మనకు ఇందులోని మొదటి సగం బాగా తెలుసు. రెండవ సగం గురించి మనం ఎన్నడూ మెమొరాండం ఇవ్వలేదు.

మన దగ్గరికి ఎప్పుడు వచ్చింది

ఈ చదువు మన దగ్గరికి ఆలస్యంగా రాలేదు. 1956లో హైదరాబాదులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఒకప్పుడు బేరార్ యువరాజు నివసించిన బెల్లావిస్టా భవనం దానికి నెలవు. ప్రభుత్వ, ప్రైవేటు సంస్థల పెద్ద అధికారులు అక్కడ కలిసి కూర్చుని పాఠాలు విన్నారు. 1957లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎం.బి.ఎ. ప్రారంభించింది. అహమ్మదాబాదు, కలకత్తా ఐ.ఐ.ఎం.లు వచ్చింది 1961లో. చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ 1962లో ఢిల్లీ నుండి హైదరాబాదుకు తరలివచ్చి యూసుఫ్‌గూడలో స్థిరపడింది. పాతవారు దాన్ని సియెట్ అని పిలిచేవారు. ఇప్పుడు అది జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ. కాకినాడ వర్తకుల కథ జరిగింది అక్కడే.

కాకినాడ ప్రయోగం

హార్వర్డులో డేవిడ్ మెక్లీలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. 1961లో ఒక పెద్ద పుస్తకం వ్రాశాడు. కొందరికి ఏదో ఒకటి సాధించాలన్న తపన ఎక్కువ ఉంటుందని, ఆ తపన ఎక్కువగా ఉన్న సమాజం ఆర్థికంగా ముందుకు పోతుందని ఆయన వాదం. వెంటనే ఒక ప్రశ్న వచ్చింది. ఆ తపన పుట్టుకతో రావలసిందేనా? పెద్దవాళ్ళయిన తరువాత నేర్పవచ్చునా?

దీన్ని తేల్చుకోవడానికి ఎన్నుకున్న ఊరు కాకినాడ. అప్పటికి లక్షకు పైగా జనాభా ఉన్న రేవు పట్టణం. 1964లో అక్కడి వ్యాపారులు, చిన్న పరిశ్రమల వారు 52 మందిని జట్లుగా సియెట్‌కు రప్పించి, ఒక్కొక్క జట్టుకు పది రోజులకు పైగా శిక్షణ ఇచ్చారు. కొన్ని బొమ్మలు చూపి, వాటి మీద కథలు వ్రాయమనేవారు. తమ కథల్లో సాధించాలన్న ఆలోచన ఎంత ఉన్నదో తామే లెక్కకట్టుకోవడం నేర్పేవారు. కొయ్యకు రింగులు విసిరే ఆట ఆడించేవారు. ఎంత దూరం నుండి విసరాలో ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చు. మరీ దగ్గర నిలబడితే గొప్ప లేదు, మరీ దూరం నిలబడితే అదృష్టమే దిక్కు. తపన ఉన్నవాడు మధ్యలో, కొంచెం కష్టపడితే పడేంత దూరంలో నిలబడతాడన్నది అందులోని పాఠం. చివరికి రాబోయే రెండేళ్ళలో తాము ఏం చేయదలచుకున్నారో ప్రతి ఒక్కరూ లక్ష్యం వ్రాసుకున్నారు.

పోలికకు శిక్షణ పొందని వ్యాపారులను కూడా చూశారు. వారిలో పొరుగునే ఉన్న రాజమండ్రి వారు ఉన్నారు. ఎవరు కొత్త పెట్టుబడి పెట్టారు, ఎవరు కొత్త వ్యాపారం మొదలుపెట్టారు, ఎవరు కొత్తగా మనుషులను పనిలోకి తీసుకున్నారు, ఎవరు ఎక్కువ గంటలు పనిచేశారు అని లెక్కలు తీశారు. శిక్షణ పొందిన వారిలో సుమారు సగం మంది చురుగ్గా కదిలారు. పొందనివారిలో అటువంటివారు సుమారు పావువంతు. మెక్లీలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ఈ ఫలితాలను పుస్తకంగా తెచ్చారు. సంప్రదాయం మనవాళ్ళను వెనక్కు లాగుతుందని బయటివారు అనుకునే రోజులవి. పాత నమ్మకాలు వదలకుండానే, పంచె కట్టు మార్చకుండానే మనిషి వ్యాపారంలో ముందుకు పోగలడని కాకినాడ వారు చూపించారు. ఈనాటికీ మన దేశపు మేనేజిమెంటు పాఠ్యపుస్తకాల్లో ‘కాకినాడ ప్రయోగం’ అనే పేరు ఉంటుంది.

ఇంతవరకే చెబితే శిక్షణ గొప్పది అని ముగించవచ్చు. కాని అదే పుస్తకంలో మరొక సంగతి ఉన్నది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది అదే. శిక్షణ ఫలించింది ఎక్కువగా ఎవరిలో? తన వ్యాపారానికి తానే పెద్ద అయిన వారిలో. దుకాణంలో నిర్ణయం తీసుకునే అధికారం చేతిలో ఉన్నవాడు ఇంటికి పోయి, నేర్చుకున్నది చేసి చూశాడు. ఆ అధికారం అన్న చేతిలోనో తండ్రి చేతిలోనో ఉన్నవాడు అదే పాఠం విన్నా, చేయడానికి అతనికి చోటు లేదు.

అమెరికాలో ఇటువంటి ఫలితమే 1953లో వచ్చింది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అనే ట్రాక్టర్ల కంపెనీలో ఫోర్మన్‌లకు కింది వారితో మంచిగా ఉండాలని శిక్షణ ఇచ్చారు. ఫ్లైష్‌మన్ అనే పరిశోధకుడు వారు తిరిగి పనిలోకి పోయిన తరువాత గమనించాడు. తన పై అధికారి తనతో ఎలా ఉంటాడో, ఫోర్మన్ తన కింది వారితో అలాగే ఉన్నాడు. తరగతిలో విన్నది తరగతిలోనే ఉండిపోయింది.

మన సీట్ల సంగతి

ఇప్పుడు కాకినాడ నుండి చేవెళ్ళకు వద్దాం. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ప్రభుత్వ ఉద్యోగికి పనిమీద శ్రద్ధ లేదు, ప్రవర్తన బాగాలేదు అని మనం సర్వీసులో ఉన్నన్నాళ్ళూ విన్నాము. శ్రద్ధ లేనివారు మనలో లేరని నేను అనను. కాని ఆ శ్రద్ధ చూపడానికి సీటులో చోటు ఎంత ఉండేదో ఎవరైనా కొలిచారా?

తాలూకా కార్యాలయంలో తపాలు రాగానే ఇన్‌వర్డులో నంబరు పడేది. సంబంధిత గుమాస్తా దాన్ని తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకునేవాడు. నోటు పెట్టి పైకి పంపేవాడు. పని పూర్తయితే డిస్పోజల్. ఆర్.డిస్. అయితే శాశ్వతంగా దాచాలి, డి.డిస్. అయితే పదేళ్ళు, ఎల్.డిస్. అయితే ఏడాది. నెలాఖరుకు ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్ని పెండింగు అన్నదే లెక్క. అర్జీ పెట్టిన రైతుకు పని అయిందా లేదా అనే గడి ఆ రిజిస్టరులో లేదు. నాకు తెలిసిన ఒక కార్యాలయంలో మార్చి నెల వచ్చిందంటే అర్జీలన్నీ ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అంటూ వేరొక కార్యాలయానికి పోయేవి. పెండింగు తగ్గేది. రైతు మాత్రం మరో గడప ఎక్కేవాడు. రాబర్ట్ మెర్టన్ అనే అమెరికా పండితుడు 1940లోనే ఈ జబ్బుకు పేరు పెట్టాడు. ఒక గమ్యం కోసం పెట్టిన నిబంధనే చివరికి గమ్యమై కూర్చుంటుందని ఆయన చెప్పాడు.

1990లలో ఒకసారి మాలో కొందరిని నగరంలోని ఒక సంస్థకు వారం రోజుల శిక్షణకు పంపారు. పాఠాలు బాగున్నాయి, భోజనం ఇంకా బాగుంది. ప్రజల పట్ల మర్యాద, సమయపాలన గురించి చెప్పారు. తిరిగి వచ్చిన తరువాత మా సహోద్యోగి ఒకాయన, ఆదాయ, కుల ధ్రువపత్రాల కోసం వచ్చినవారికి ఫలానా రోజున రండి అని చిన్న చీటీ మీద తేదీ వ్రాసి ఇవ్వడం మొదలుపెట్టాడు. రోజూ బస్సు ఛార్జీ పెట్టుకుని తిరిగే జనం దండం పెట్టి పోయేవారు. రెండు వారాలు గడిచాయి. గడువును వ్రాతపూర్వకంగా ఇచ్చే అధికారం గుమాస్తాకు ఎవరిచ్చారని పైనుండి ప్రశ్న వచ్చింది. చీటీలు ఆగిపోయాయి. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తరువాత ఎన్ని శిక్షణలు వచ్చినా మాత్రం పేరు ఇవ్వలేదు.

2011లో మీసేవ వచ్చింది. ప్రతి సేవకూ ఇన్ని రోజులు అని గడువు నిర్ణయించారు. అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోదగినదే. కాని ఆ ఆలోచన అంతకుముందే ఒక గుమాస్తా చేతి చీటీలో ఉన్నది. మనిషికి ఇవ్వని అధికారాన్ని యంత్రానికి ఇచ్చారు, అంతే తేడా.

మండలాలు నేర్పిన పాఠం

మన ప్రాంతంలో కార్యాలయాల రూపం మారడం మనం కళ్ళారా చూశాము. పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి గారి పేరుతో 1978లో జిల్లా ఏర్పడింది. 1984 జనవరిలో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. చేవెళ్ళ, మొయినాబాద్ వేర్వేరు మండలాలయ్యాయి.

ఈ మార్పులో ఒక వింత జరిగింది. గుమాస్తాలం మేమే. జీతం అదే. నిబంధనల పుస్తకం అదే. కాని తాలూకాలో నా బల్ల మీదికి వచ్చిన కాగితం ఎవరిదో నాకు తెలిసేది కాదు. మండలంలో ఆ కాగితం తాలూకు మనిషి వరండాలో కూర్చుని కనిపించేవాడు. పని అయితే ముఖం చూస్తే తెలిసేది, కాకపోయినా ముఖం చూస్తే తెలిసేది. నోట్లు తొందరగా కదలడం మొదలైంది. దీన్ని ఎవరూ తరగతిలో నేర్పలేదు.

మనుమరాలి పుస్తకంలో దీనికి జవాబు దొరికింది. 1970లలో హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పండితులు మనిషికి పనిలో రుచి కలిగించేవి ఐదు అన్నారు. పనిలో వైవిధ్యం, మొదటి నుండి చివరి వరకు ఒక పని తన చేతిమీదుగా జరగడం, ఆ పని ఇతరులకు ఉపయోగపడటం, స్వంత నిర్ణయానికి చోటు, ఫలితం తనకు తెలియడం. మండలం వచ్చి మాకు చివరిది ఇచ్చింది. నాలుగవది మాత్రం ఇవ్వలేదు. అందుకే మొదటి ఉత్సాహం నిలవలేదని నా అభిప్రాయం. ఆ తరువాత కూడా వ్యవస్థలు వచ్చాయి, పోయాయి. 2020లో వి.ఆర్.ఓ. వ్యవస్థ రద్దయింది. 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చారు. పేరు మారిన ప్రతిసారీ అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ కొత్త సీటులో కూర్చునే మనిషి తనంతట తాను తేల్చగలిగేది ఏమిటి?

ఫలితం తనకు తెలియడం అంటే ఏమిటో చూడాలంటే చిలుకూరు బాలాజీ గుడికి పోవాలి. అది హుండీ లేని గుడి. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరిన తరువాత 108. చేతిలో అంకెలు అచ్చువేసిన కార్డు పెట్టుకుని, ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క గీత పెట్టుకుంటూ జనం నడుస్తుంటారు. ఆ కార్డును ఏ అధికారీ తనిఖీ చేయడు. ఎంత అయిందో, ఎంత ఉన్నదో తెలియడం తన కోసమే. మన పర్సనల్ రిజిస్టరులో కూడా అంకెలే ఉండేవి. కాని అవి పైవాడి కోసం. అంకె అదే అయినా, అది ఎవరి కోసం అన్న దానిలో ఉన్నది తేడా అంతా.

పిల్లలకు, సంఘానికి

ఈ సంగతులు రిటైరయిన మనకెందుకు అనకండి. మన పిల్లలు పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేస్తున్నారు. అక్కడా శిక్షణలకు కొదువ లేదు, ఏడాదికొకసారి మార్కులకూ కొదువ లేదు. సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పింది ఎవరూ వినరు తాతయ్యా అంటారు. వారిది సోమరితనం అని తేలికగా అనవద్దు. ముందు, నీ చేతిలో ఉన్న నిర్ణయం ఏమిటమ్మా అని అడగండి. ఈ పిల్లలే రేపు పదిమంది మీద అధికారులవుతారు. వారి కింద చీటీ వ్రాసే గుమాస్తా ఒకడు తప్పక ఉంటాడు. ఆ చీటీని ఆపేముందు ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

మరొక మాట. మన ప్రాంతంలో ఎం.బి.ఎ. చదివే పిల్లలు ప్రాజెక్టు రిపోర్టు కోసం హైటెక్ సిటీ కంపెనీల చుట్టూ తిరుగుతారు. చేవెళ్ళ, మొయినాబాద్‌లలో రెవెన్యూ, పంచాయతీరాజ్, విద్యుత్తు, రోడ్డు రవాణా, బ్యాంకులలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసినవారు మన సంఘంలో ఉన్నారు. తాలూకా మండలం కావడం, పట్వారీ పోవడం, లెడ్జరు పోయి కంప్యూటరు రావడం స్వయంగా చూసినవారు. అలా చూసినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. మనం చెప్పకపోతే ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు.

కనుక నా సూచన ఇది. సభ్యులు ఒక్కొక్కరు రెండు పేజీలకు మించకుండా మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసి సంఘ కార్యాలయంలో ఇవ్వాలి. మీ సీటులో మీరు స్వయంగా నిర్ణయించగలిగినది ఏమిటి? మీరు చేయదలచి చేయలేకపోయిన మంచి పని ఏమిటి? అడ్డు వచ్చినది మనిషా, నిబంధనా? ఎవరి పేర్లూ, ఏ కార్యాలయం పేరూ అవసరం లేదు. వీటిని ఒక సంపుటంగా కట్టి సమీప కాలేజీల గ్రంథాలయాలకు ఇద్దాం.

ఈ ఫైలును ఎల్.డిస్. చేయకుండా ఆర్.డిస్. చేయవలసిందిగాను, రాబోయే సర్వసభ్య సమావేశంలో చర్చకు పెట్టవలసిందిగాను కార్యవర్గాన్ని కోరుతున్నాను.